ఎవరికీ చెప్పకు, నాన్నా

ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర
ఫిబ్రవరి, ఆదివారం పొద్దున

అమ్మలూ,

నాకు పెళ్లి కుదిరింది.

ముందు ఆ ముక్క రాసేశాను. ఇక ఊపిరి పీల్చుకుని మిగతాది రాస్తాను. నువ్వు ఎక్కడున్నావో అక్కడే కూర్చో, నీళ్లు తాగు. నువ్వు తప్పు చదవలేదు, నా కోడిగీతల వల్ల అలా కనిపించడమూ లేదు. పెళ్లి నాకే. డెబ్బై దాటి, మొన్నటిదాకా ఎడమ చెవి పూర్తిగానూ కుడి చెవి సగమూ పెన్షను పుచ్చుకున్న ఈ బస్సు కండక్టరుకే.

ఫోను చేసి చెప్పొచ్చుగా అంటావు. నేను ఫోనులో మాట్లాడితే కింద ఇస్త్రీ కొట్టు నుంచి పైన డాబా దాకా వినిపిస్తుందని విసుక్కునేది నువ్వే కదా. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా అరిచిన గొంతు ఇది, చిన్నగా మాట్లాడమంటే దానికి చేతకాదు. ఈ సంగతేమో ఇప్పుడే ఎవరికీ తెలియకూడదు. ఎందుకంటే ఆవిడ ఒక షరతు పెట్టింది. నువ్వు వచ్చి, ఆవిడ ఎదురుగా నిలబడి, నీ నోటితో సరే అంటేనే రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కుతుందట. లేకపోతే లేదట. ఒకరు మొహం ముడుచుకుని కూర్చున్న ఇంట్లో తనకి ముద్ద దిగదంది. నేనైతే నీ తరఫున అప్పుడే సరే అనేశాను, కానీ ఆ సరే చెల్లదట.

ఆవిడ ఎవరనా? నీకు తెలిసిన మనిషే. వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఒకేసారి రెండు సంతోషాలు ఒంటికి మంచిది కాదు.

ఎన్నేళ్లయిందో తల్లీ, పొద్దున్నే లేవగానే ఇవాళ ఏం చేద్దామా అని అనిపించి. అద్దంలో చూసుకుని నాలో నేనే నవ్వుకుంటున్నాను. నిన్న పాలవాడు మొహంలో ఏంటి సార్ ఆ కళ అన్నాడు. కొత్త సబ్బు అని చెప్పాను.

ఇంకో సంగతి. నీ ఆఫీసు పనికి అమ్మ అన్న మాట ఉన్న వాక్యాలు కావాలన్నావుగా, బాగా ఆలోచించి రాశాను. అమ్మ దేవత. అమ్మ ప్రేమ సముద్రమంత. అమ్మ లేని ఇల్లు దీపం లేని గుడి. చాలకపోతే చెప్పు, ఇలాంటివి ఎన్నైనా వస్తున్నాయి నాకు ఈ మధ్య.

పదాల ఆఫీసులో పనిచేసేదానివి, నువ్వే తేల్చు: ఆవిడని నువ్వు ఏమని పిలుస్తావు?

సంతోషం పట్టలేని
మీ నాన్న

*

ఆఫీసు, మూడో అంతస్తు, కార్డుల గది
ఫిబ్రవరి

నాన్నా,

నీ ఉత్తరం మధ్యాహ్నం డబ్బా విప్పుకుని అన్నం తింటూ తెరిచాను. డబ్బా అలాగే మూసేశాను. పక్క కుర్చీ ఆవిడ ఎవరైనా పోయారా అని అడిగింది. లేదండీ, మా నాన్నగారికి పెళ్లి అని ఎలా చెప్పను?

ముందు ఈ రెండు మాటలు విను. ఒకటి, ఎవరో చెప్పకుండా కుదిరింది అంటే దాన్ని ఉత్తరం అనరు, పొడుపు కథ అంటారు. రెండు, ఎవరికీ చెప్పకు నాన్నా. నిన్ను నేను ఎరుగుదును. అత్తకి చెప్పకు, బాబాయికి చెప్పకు, మామయ్యకి అసలే చెప్పకు. పాలవాడికీ, ఇస్త్రీ అతనికీ చెప్పకు. నేను ఆలోచించుకోవాలి. నా సరే కావాలి అన్నారు కదా, అది నా దగ్గర ఉండనీ కొన్నాళ్లు.

ఇక నీ వాక్యాలు. ఎన్నిసార్లు చెప్పాను నాన్నా నీకు మా పని గురించి? మేం చేస్తున్నది ఒకేలా వినిపించే మాట ఒక్కో భాషలో ఏ అర్థం ఇస్తుందో చూపించే పుస్తకం. ఒక కార్డుకి ఒక అర్థం. దాని కింద ఎవరో ఒకరు నిజంగా అన్న వాక్యం. ఎవరు, ఎవరితో అన్నారో కూడా రాయాలి. అమ్మ దేవత అని నీతో ఎవరన్నారు? క్యాలెండరు అంది. క్యాలెండర్లు మాట్లాడితే మాకు పనికిరాదు.

తెలుగు కార్డు ఒక్కటే మిగిలిపోయింది ఈ ట్రేలో. మా సంపాదకుడు, కత్తెర అంటాం మేం ఆయన్ని, అమ్మ అంటే తల్లి, రాసి పడెయ్యండి అని రోజూ గొణుగుతాడు. ఆయన పుట్టింది ఏ భాషలోనో గానీ ఎప్పుడూ ఏ అమ్మా ఆయన్ని విసుక్కోలేదు కాబోలు. చెవులు పెట్టుకుని విను, విన్నది విన్నట్టు రాసి పంపు. చెవుల్లో దూది ఉంటే తీసి విను.

ఎవరు నాన్నా ఆవిడ?

నీ కూతురు

*

ఇంట్లో, అదే బల్ల
మార్చి

అమ్మలూ,

నీ కోపం చూసి నవ్వొచ్చింది. చిన్నప్పుడు జడ లాగితే ఇలాగే మూతి పెట్టేదానివి. సరే, ఈసారి విన్నవే రాస్తున్నాను. మొదటిది, మన ఇస్త్రీ అతను తన పిల్లతో: "అమ్మా, ఆ పెట్టె ముట్టుకోకమ్మా, కాలుతుంది." ఇక్కడ అమ్మ అంటే కూతురు. తర్వాతది ఇంటి ఓనరు, నీళ్ల మోటారుతో: "అమ్మో, మళ్లీ కాలిపోయావా." ఇక్కడ అమ్మ అంటే రిపేరు ఖర్చు అనుకుంటాను, మీ కత్తెరగారిని అడుగు.

ఆ తర్వాత ఆస్పత్రి జనరల్ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉన్న ముసలాయన, నాకంటే పెద్దవాడు, ఆయాతో: "అమ్మా, కొంచెం పక్కకి తిప్పమ్మా." దానికి ఆ ఆయా ఆయనతో: "తిప్పుతాను గానీ ఊరికే అమ్మా అమ్మా అని అరవకు నాన్నా, పక్కవాళ్లకి ఇప్పుడే కునుకు పట్టింది." చూశావా, ఆయన ఆవిడకి నాన్న, ఆవిడ ఆయనకి అమ్మ. నీ కార్డు మీద ఎలా ఇరికిస్తావో ఏమో. చివరిది, అదే ఆయా, మందుల కిటికీ దగ్గర, నాతో: "మీ అమ్మాయి ఏమందమ్మా? అదే, ఏమన్నారు?" కంగారులో నన్ను కూడా అమ్మా అనేసింది. తర్వాత నాలిక కరుచుకుంది.

చెప్పేశానుగా. ఆవిడే. మీ అమ్మ మంచం పట్టినప్పుడు పగటిపూట మనింటికి వచ్చి చూసుకున్న ఆయా.

ఎలాగంటావా. మొన్న వానాకాలం చెవి మూసుకుపోయి ఆస్పత్రికి వెళ్లాను. వరసలో నా పేరు పిలిచారట, నాకు వినిపిస్తేగా. ఆవిడ వచ్చి రెక్క పుచ్చుకుని లోపలికి లాక్కెళ్లింది. చెవిలో ఇంత గుబిలి పెట్టుకుని లోకం మీతో మాట్లాడటం లేదనుకుంటున్నారా అని అందరి ముందూ కడిగేసింది, చెవినీ నన్నూ. బయటికి వచ్చేసరికి కాకులు కూడా వినిపించాయి తల్లీ. ఆ తర్వాత రెండో చెవికి వెళ్లాను. తర్వాత చుక్కల మందుకి. ఆ తర్వాత చెవులు రెండే కావడంతో సాకులు అయిపోయాయి. ఇక నిజమే చెప్పాల్సి వచ్చింది. సాయంత్రం పూట మీ ఇంట్లో టీ ఎవరికి పెడతారు అని అడిగాను. ఎవరికీ పెట్టను, నాకు కూడా పెట్టుకోను అంది. నాకూ అంతే అన్నాను. అంతే అమ్మలూ, ఇంతకంటే ఏమీ మాట్లాడుకోలేదు. ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలి.

ఎవరికీ చెప్పలేదు, ఒట్టు. కానీ ప్రాణం పోతోంది. మీ పెద్దత్త ఫోను చేసి ఏంట్రా తమ్ముడూ గొంతులో ఆ హుషారు అంది. అరుగుదల బాగుంది అక్కా అన్నాను. ఏ మందు వాడుతున్నావు, నాకూ రాయి అంది. ఏం రాయను?

త్వరగా వచ్చి సరే చెప్పి వెళ్లు తల్లీ. కడుపులో మాట ఉబ్బి చొక్కా గుండీలు పట్టడం లేదు.

మీ నాన్న

*

ఆఫీసు, కార్డుల గది
ఏప్రిల్

నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి. పని ఎక్కువగా ఉంది.

ఏమని పిలుస్తావని అడిగారు కదా. పదాల ఆఫీసు మనిషినే కాబట్టి మా ట్రేలో ఉన్నవి రాస్తున్నాను, మీకు ఏది కావాలో తీసుకోండి. ఐస్‌లాండు వాళ్ల భాషలో అమ్మ అంటే అమ్మమ్మ, నానమ్మ కూడా. స్వీడిష్‌లో అమ్మ అంటే బిడ్డకి పాలివ్వడం, పాలిచ్చే దాదిని కూడా అదే మాటతో పిలిచేవాళ్లు. జర్మన్‌లో దాదాపు అదే మాట, చివర కాస్త వంగుతుంది, అర్థం మాత్రం దాదే: జీతానికి వేరేవాళ్ల బిడ్డని సాకే మనిషి. ఈ మూడూ ఒక కుటుంబం భాషలు. బయటివి కూడా ఉన్నాయి. అరబిక్‌లో గొంతు అడుగు నుంచి పలికితే మేనత్త. జపనీస్‌లో ఒత్తు తీసేసి అమ అంటే సముద్రంలో మునిగి గుల్లలు ఏరే ఆడమనిషి. స్పానిష్‌లో అదే అమ అంటే ఇంటి యజమానురాలు.

జీతం పుచ్చుకునే ఆవిడ దగ్గర బయల్దేరి ఇంటి యజమానురాలి దగ్గరకి చేరాలంటే ఈ మాట ఎన్ని దేశాలు దాటాలో చూడండి. కొందరికి మన వంటగది దాటితే చాలు.

సెలవు దొరకడం కష్టం. రావడం గురించి ఇప్పుడే చెప్పలేను.

ఇట్లు
మీ అమ్మాయి

*

ఇంట్లో
ఏప్రిల్

అమ్మలూ,

ఎంత చదువు తల్లీ నీది. ఇన్ని భాషలు నా కూతురి చేతి కింద ఉన్నాయంటే ఛాతీ ఇంత వెడల్పయింది. నాన్నగారూ మీరూ అని మర్యాద కూడా ఎక్కువ చేశావు, పెళ్లికొడుకుననా?

అంత మంచి ఉత్తరం నేనొక్కడినే చదువుకుంటే ఏం బాగుంటుంది చెప్పు. సాయంత్రం ఆవిడ డ్యూటీ దిగి వస్తే కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. పరాయి భాషల పేర్లు కొంచెం తడబడ్డాను గానీ, మిగతాదంతా గట్టిగా, ఆగి ఆగి, అర్థమయ్యేలా చదివాను. సముద్రంలో మునిగే ఆవిడ దగ్గర తల ఊపింది. యజమానురాలు దగ్గరకొచ్చేసరికి తల కిందికి దించుకుంది, సిగ్గు కాబోలు. వంటగది ముక్క రెండుసార్లు చదివాను, నాకు బాగా నచ్చింది, ఆవిడని ఇంటి యజమానురాలు అన్నావు కదా, అంటే నీకు ఇష్టమే అన్నమాట. చదవడం అయిపోయాక లేచి, తాగిన కప్పు కడిగి, బోర్లించి, పైట సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ మీ అమ్మాయికి తెలివి ఎక్కువ అంది. నా పెంపకం అన్నాను.

ఈ ఉత్తరం ఆవిడకే ఇచ్చి పంపుతున్నాను, పోస్టుడబ్బా ఆస్పత్రి గేటు దగ్గరే ఉంది. వచ్చే తేదీ రాయి చాలు.

మీ నాన్న

అదే కాగితం వెనక, వేరే చేతిరాతలో:

అమ్మాయిగారికి,

మీ నాన్నగారు కవరు అంటించకుండా ఇచ్చారు. ఆయన అన్నీ అలాగే ఇస్తారు.

మీరు రాసింది ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మీ ఇంట్లో నేను జీతం పుచ్చుకున్నాను, పుచ్చుకున్న జీతానికి పని చేశాను. అందులో నేను దాచుకోవాల్సింది ఏమీ లేదు, మీరు అంత మెలిక తిప్పి గుర్తుచేయాల్సిందీ లేదు. తిట్టాలనుకుంటే తెలుగులో తిట్టండి, దానికి ఆరు భాషలు ఎందుకు?

నేనడిగింది మీ సరే. అది రాదని తెలిసిపోయింది. కాబట్టి ఇది ఇక్కడితో ఆపేస్తాను. ఆయనకి నేనే చెప్తాను, మీ ఉత్తరం మాట మాత్రం ఎత్తను.

ఆయన చెవిలో చుక్కలు వేసుకోవడం మర్చిపోతున్నారు. పడుకునే ముందు వేసుకోమని మీరు గుర్తుచేయండి ఇక.

ఆయా

*

నా గది
ఏప్రిల్

నాన్నా,

ఆ ఉత్తరం ఎందుకు చదివి వినిపించావు? అది నీకు రాసింది. నీకు మాత్రమే. ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరికి పైకి చదవకూడదని నీకు ఎవరూ చెప్పలేదా? వంటగది ముక్క రెండుసార్లు చదవడం ఏంటి? పాసింజర్లకి స్టాపు పేరు చెప్పినట్టు?

ఇక్కడ కత్తెర, అక్కడ నువ్వు, మధ్యలో నేను. ఆయనేమో అమ్మ అంటే తల్లి అని రాసి ట్రే మూసెయ్యమంటాడు. నువ్వేమో మోటారు రిపేరు అంటావు. తల పగిలిపోతోంది.

ఆవిడ నీకు ఏం చెప్పింది? వెంటనే రాయి. చుక్కలు వేసుకుంటున్నావా?

నేను

*

ఇంట్లో
మే

అమ్మలూ,

బాగున్నాను. ఆవిడ వద్దంది. ఎందుకని నేను అడగలేదు.

ఈ వారం వాక్యాలేవీ వినలేదు. చుక్కలు వేసుకుంటున్నాను.

నాన్న

*

నా గది
మే

నాన్నా,

ముందు ఇది చదువు, మిగతాది తర్వాత తిట్టు. నిన్న నేను మీ ఊరొచ్చాను. నీకు చెప్పకుండా వచ్చి, నీకు కనిపించకుండా వెళ్లిపోయాను.

నీ ఆఖరి ఉత్తరం చూసి భయం వేసింది. టిక్కెట్టు వెనక కూడా ఇంతకంటే ఎక్కువ రాసేవాడివి నువ్వు. సగం పేజీ ఖాళీగా వదిలిన కాగితం నీ దగ్గర నుంచి రావడం నేనెప్పుడూ చూడలేదు. సెలవు అడిగితే కత్తెర ఎందుకు అన్నాడు. అమ్మ కార్డు పనే అన్నాను. అబద్ధం కాదు.

బస్టాండు నుంచి తిన్నగా వార్డుకి వెళ్లాను. ఆవిడ ఒక మంచం మీది దుప్పటి మారుస్తోంది. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, ఆ కొస పట్టుకోండి అంది. పట్టుకున్నాను. ఇంత దూరం వచ్చి దుప్పటి కొస పట్టుకున్నాను. అలా కాదు, బిగించి పట్టండి అంది. ఆవిడ గొంతులో ఆ అధికారం ఉంది చూడు, అప్పుడూ ఇంతే, మన ఇంట్లో నన్ను చెప్పులు బయట విప్పమనేది. ఒళ్లు మండింది.

క్షమాపణ చెప్పాలని వెళ్లాను నాన్నా. మొదటి దుప్పటి అయిపోయింది, రెండోది కూడా అయిపోయింది. మూడో మంచం దగ్గర వేరే మాట వచ్చేసింది. నీకెప్పుడూ చెప్పలేదు అది. ఎవరికీ చెప్పలేదు.

అమ్మ చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు కదా. నీకు తెలుసు. నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు బయట డ్యూటీలో ఉన్నప్పుడు నేను పక్కన కూర్చుని అన్నం కలిపి పెడుతుంటే, ఎవరు నువ్వు, నీ ఇంటికి వెళ్లు అనేది. పొద్దున ఆవిడ మెట్లెక్కే చప్పుడు వినిపిస్తే చాలు, మొహం విచ్చుకుని "అమ్మ వచ్చింది" అనేది. రోజూ. కన్న కూతురు ముద్ద పట్టుకుని కూర్చుంటే, బయటి నుంచి వచ్చిన మనిషిని చూసి. నా అమ్మ. ఆ మాట నాది నాన్నా, నేను పుట్టినప్పటి నుంచీ నాది. దాన్ని తీసుకెళ్లి ఆవిడకి ఇచ్చేసింది.

ఇప్పుడు నువ్వు కూడా ఆవిడనే ఇంటికి తెస్తానన్నావు.

ఇదంతా దుప్పటి రెండో కొస పట్టుకున్న ఆవిడతోనే అనేశాను. వార్డు సగం వింటోంది. ఆవిడ మాత్రం చెయ్యి ఆపలేదు.

"అవును, అలాగే అనేది," అంది ఆవిడ. "నేను కాదనలేదు. కాదంటే ఏడ్చేది. ఒక రోజు మీరు తలుపు దగ్గర నిలబడి విన్నారు, నేను చూశాను. అప్పుడు నా రెండు చేతుల్లో మీ అమ్మగారి తల ఉంది, నీళ్లు పోస్తున్నాను. మిమ్మల్ని ఓదార్చడానికి నాకు మూడో చెయ్యి లేదు."

నేను దుప్పటి అంచు సర్దాను. అది కూడా తప్పుగా సర్దానట, విప్పి మళ్లీ సర్దింది.

దిండు అందుకుంటూ తనే, ఈ వార్డులో అందరూ నన్ను అమ్మా అనే పిలుస్తారు, కాలింగ్ బెల్లు పాడైంది కదా అంది. నవ్వుతోందో లేదో తెలియలేదు. డ్యూటీ దిగాక మాత్రం ఆ మాట ఎవరూ అనరట. మొదట్లో హాయిగా ఉండేదట. ఈ మధ్య అంత హాయిగా లేదట. 

అప్పుడు సరే అన్నాను.

ఆవిడ దిండు గలీబు తొడుగుతూ ఆగింది. "జాలితో అంటున్నారా?"

"విసుగుతో," అన్నాను.

"అది నయం. విసుగైతే నిలుస్తుంది," అంది.

కాబట్టి విను. ఆవిడ నాకు నచ్చలేదు నాన్నా. ఇప్పటికీ నచ్చలేదు. ప్రతిదానికీ పెత్తనం చేస్తుంది, ఎదుటి మనిషి మాట పూర్తి కాకుండానే సరిచేస్తుంది. అచ్చం నాలాగే అని నువ్వు అంటావు, అనకు. ఏమని పిలవాలో ఇంకా తెలియదు. ప్రస్తుతానికి మీరు అంటాను. ఆవిడకీ అది చాలట. రిజిస్ట్రారు ఆఫీసుకి వస్తాను, సంతకం పెడతాను, ఫోటోలో నవ్వమంటే ప్రయత్నిస్తాను.

పొద్దున తెలుగు కార్డు రాసి కత్తెర బల్ల మీద పెట్టాను. వాక్యం: అమ్మ వచ్చింది. అన్నది: రోగి. ఎవరి గురించి: చూసుకోవడానికి వచ్చిన ఆయా. అర్థం దగ్గర ఏం రాయాలో తోచక ఖాళీ వదిలేశాను. అర్థం లేని కార్డు ట్రేలోకి వెళ్లదమ్మా అన్నాడు కత్తెర. మీరు నన్ను ఏ అర్థంతో అమ్మా అన్నారో, ముందు ఆ కార్డు రాయండి సార్ అన్నాను. కార్డు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వచ్చే వారం తెలుస్తుంది.

ఇక నోరు విప్పు నాన్నా. ఎవరికి కావాలంటే వాళ్లకి చెప్పుకో. ఫోనులోనే చెప్పు. డాబా ఎక్కి చెప్పు.

నీ కూతురు

*

ఇంట్లో, బల్ల మీద చోటు లేక ఒళ్లో పెట్టుకుని
జూన్

అమ్మలూ, నా తల్లీ,

నీ ఉత్తరం ఎవరికీ పైకి చదవలేదు. తలుపు వేసుకుని చదువుకున్నాను. మీ అమ్మ అలా అనేదని నాకు తెలియదు తల్లీ. నువ్వు ముద్ద పట్టుకుని కూర్చున్న బొమ్మ కళ్ల ముందు నుంచి పోవడం లేదు. దాని గురించి నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. చిన్న గొంతుతో మాట్లాడటం నేర్చుకుంటాను.

ఏడ్చాను, తర్వాత మొహం కడుక్కున్నాను, తర్వాత నవ్వాపుకోలేకపోయాను. విసుగుతో అన్నావట. ఆవిడ నాకు అంతకు ముందు రోజే వచ్చి చెప్పింది, మీ అమ్మాయి వచ్చింది, విసుగ్గా సరే అంది, దుప్పటి మడవడం రాదు అని. నిన్ను మెచ్చుకుంటోందని నాకు అర్థమైంది. ఈసారి నిజంగానే అర్థమైంది, నవ్వకు.

కత్తెరగారి సంగతి పట్టించుకోకు. ఆయనకి కోపం వస్తే నన్ను పంపు, వెనక సీటు దాకా వినిపించేలా మాట్లాడతాను. ఉద్యోగం ఉందో లేదో రాయి. లేకపోతే వచ్చెయ్యి, ఇక్కడ తిట్టుకోవడానికి ఇద్దరం ఉన్నాం.

ఫోను పట్టుకుని మీ పెద్దత్తకి చెప్పాను. ఒక్క ఆవిడకే చెప్పాను అమ్మలూ, కానీ ఫోను పెట్టేసరికి ఇస్త్రీ అతను పైకి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు, కింద ఎవరిదో చొక్కా మాడిన వాసన వస్తోంది. ఓనరు మోటారు వదిలేసి వచ్చాడు. పాలవాడు ఇదా సార్ ఆ సబ్బు అన్నాడు. మీ అత్త మాత్రం అరుగుదల మందు పేరు ఇప్పటికైనా చెప్పరా అంది.

ఇంకా చెప్పాల్సిన వాళ్లు ఉన్నారు. మర్చిపోతానని ఇక్కడ రాస్తున్నాను, సగం నువ్వు చెప్పు, సగం నేను చెప్తాను.

మీ బాబాయికి నేను. పొద్దున్నే చెప్పాలి, సాయంత్రమైతే వాదన పెట్టుకుంటాడు.

మీ పిన్నికి నువ్వు. ఆడవాళ్ల ప్రశ్నలు అడుగుతుంది, నాకు జవాబులు రావు.

చిన్నత్తకి ఎవరూ చెప్పక్కర్లేదు, పెద్దత్త చెప్పే ఉంటుంది. కానీ మనం చెప్పలేదని అలుగుతుంది, కాబట్టి తెలియనట్టు మళ్లీ చెప్పాలి. అది నువ్వు.

అత్త కొడుకు, మీ పెద్ద బావకి నేను. నవ్వుతాడు. నవ్వనీ.

మీ మామయ్యకి నేనే. ఫోనులో కాదు, వెళ్లి, కూర్చుని, వాళ్ల అక్క గురించి ముందు మాట్లాడి, తర్వాత చెప్తాను. కోపం వస్తే వింటాను. చెవులు బాగానే ఉన్నాయి ఇప్పుడు.

మా పెద్దన్నయ్య పోయాడు గానీ వదిన ఉంది, ఆవిడకి పెళ్లికూతురూ నేనూ కలిసి వెళ్లి చెప్పాలి. ఆశీర్వదించమంటే తలుపు దగ్గరే అక్షింతలు వేసేస్తుంది, బట్టలు మార్చుకునే టైము కూడా ఇవ్వదు.

మన వైపు అంతే. తర్వాత ఆవిడని అడిగాను, మీ వైపు ఎవరికి చెప్పాలి అని. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. అక్కచెల్లెళ్లు లేరు, ఉన్న ఒక తమ్ముడి ఆచూకీ లేదు. చివరికి మీ అమ్మాయికి చెప్పండి అంది. తనకి తెలుసు కదా, సరే అంది కూడా తనే కదా అన్నాను. అది మీ వైపు నుంచి, మా వైపు నుంచి కూడా ఒకరికి చెప్పాలిగా అంది.

అందుకని అమ్మలూ, ఆడపెళ్లివారి తరఫున నీకు చెప్తున్నాను: పెళ్లి కుదిరింది.